స్క్రిప్టు పేరుకు ముందు రాసేది

2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడింది. డోర్నకల్ ఆ జిల్లాలోదే. ఈ తేదీని తెలుగులో చూపించే చిన్న జావాస్క్రిప్ట్ వరుస ఒకటి రాసి, భాష తెలుగు, దేశం ఇండియా అని స్పష్టంగా చెప్పి, 2018లో మామూలుగా దొరికే నోడ్ (టెర్మినల్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రాము) మీద నడిపితే తెరమీద ఏం వచ్చేది? నెల ముందు, రోజు తర్వాత, అంతా ఇంగ్లీషు అక్షరాల్లో. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. రాసినవాళ్లు తమ కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటారు, లేదంటే నోడ్‌కు తెలుగు రాదని తేల్చేసుకుని, తేదీలను తెలుగులోకి మార్చే లైబ్రరీ కోసం ఇంటర్నెట్ మీద పడతారు. రెండూ పొరపాటే. భాషల పని చూసే ఐసీయూ అనే భాగం నోడ్‌లో అప్పటికే ఉంది. డౌన్‌లోడ్ సైజు పెరగకూడదని, ఆ భాగానికి కావలసిన సమాచారంలో ఇంగ్లీషు ఒక్కటే ఉంచి మిగతా భాషలు తీసేశారు, అంతే. పూర్తి సమాచారం ఉన్న ఫైలు తెచ్చుకుని, అది ఎక్కడుందో ‘--ఐసీయూ-డేటా-డిర్’ అనే ఆప్షన్‌తో చెబితే, కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే అక్టోబరు తెలుగులో కనబడేది. 2019 అక్టోబరులో నోడ్ 13 వచ్చాక అన్ని భాషల సమాచారమూ దాంతోపాటే రావడం మొదలైంది. దాంతో చాలామందికి ఆ ఆప్షన్ అవసరం తీరిపోయింది.

ఇది మన భాషకు సంబంధించినది కాబట్టి మనకు తేలిగ్గా అర్థమవుతుంది. కానీ దీనిలో ఉన్న సంగతి తెలుగు తేదీలకే పరిమితం కాదు. ఏ పనిముట్టు తీసుకున్నా, దాన్ని తయారుచేసినవాళ్లు మన తరఫున కొన్ని నిర్ణయాలు ముందే తీసుకుని ఉంటారు. ఎంత మెమరీ వాడాలి, ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చు, తప్పు జరిగితే ఆగాలా సాగాలా, ఏ భాషలో మాట్లాడాలి: ఇవన్నీ డిఫాల్ట్‌లు. ఎక్కువమందికి సరిపోతాయని పెట్టినవి, మనకు సరిపోవాలని లేదు. కమాండ్ లైన్ ఆప్షన్ల జాబితా అంటే ఆ నిర్ణయాలన్నిటి పట్టిక. అందుకే ఆప్షన్లు నేర్చుకోవడాన్ని టైపింగ్ కిటుకులు నేర్చుకోవడంగా చూడకూడదని నా వాదన. మనకు తెలియకుండా మన పేరుమీద జరిగిపోయిన నిర్ణయాలను చూడటం, అవసరమైనచోట వాటిని మన చేతుల్లోకి తీసుకోవడం అది. వ్యక్తిత్వ వికాసం గురించిన పుస్తకంలో టెర్మినల్ గురించి ఒక అధ్యాయం ఎందుకు అని అడిగేవారికి నా సమాధానం ఇదే. సొంతంగా నిర్ణయం తీసుకునే అలవాటు ఉపన్యాసాలు వింటే రాదు. రోజూ చేసే పనిలో ఏది మనం ఎంచుకున్నాం, ఏది దానంతటదే జరిగింది అని విడదీసి చూస్తూ పోతే వస్తుంది.

డోర్నకల్, గార్ల, బయ్యారం వైపు నుంచి ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని బయలుదేరేవారి దారి చాలావరకు తెలిసినదే. డిగ్రీయో బీటెకో అయ్యాక రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఒక కోర్సులో చేరడం. అక్కడ ఫ్రేమ్‌వర్కులు చెబుతారు, ఉద్యోగ ప్రకటనల్లో అవే ఉంటాయి కాబట్టి. ఆ శిక్షణను నేను తక్కువ చేయడం లేదు; వేలమందికి మొదటి జీతం దాని వల్లే వచ్చింది. కాకపోతే కోర్సు సాధారణంగా ప్రాజెక్టు తయారయ్యాక నడిపే కమాండ్‌తో మొదలవుతుంది. ఆ కమాండ్ వెనక నోడ్ అనే ప్రోగ్రాము ఉందని, దానికి చెప్పగలిగిన మాటలు వందకు పైగా ఉన్నాయని, వాటి జాబితా నెట్ లేకుండానే, ఫీజు లేకుండానే మన మెషీన్‌లో ఉందని చెప్పడానికి అక్కడ టైమ్ దొరకదు. టెర్మినల్‌లో నోడ్ అని రాసి, ఖాళీ వదిలి, రెండు గీతలు, హెల్ప్ అని కొడితే ఆ జాబితా వస్తుంది. ఇంటికి వచ్చిన సెలవు రోజుల్లో, ఫోన్ హాట్‌స్పాట్ తగిలీ తగలని గదిలో కూర్చుని కూడా చదవగలిగింది ఇదొక్కటే. పైగా మీ మెషీన్‌లో ఉన్న వెర్షన్ గురించే అది చెబుతుంది. మూడేళ్ల కిందటి వీడియో చెప్పేది వేరే వెర్షన్ సంగతి కావచ్చు. (ఈ అధ్యాయంలో ఆప్షన్ల పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేయాల్సిన ఇంగ్లీషు స్పెల్లింగు ఆ జాబితాలోనే కనబడుతుంది.)

ముందుగా తెలుసుకోవాల్సింది ఏ ఆప్షనూ కాదు, ఆప్షన్ రాసే చోటు. నోడ్ అన్న మాటకూ మీ స్క్రిప్టు పేరుకూ మధ్య రాసినవన్నీ నోడ్‌కు అందుతాయి. స్క్రిప్టు పేరు తర్వాత రాసినవి నోడ్ పట్టించుకోదు, మీ ప్రోగ్రాముకే అప్పజెప్పేస్తుంది. డోర్నకల్ జంక్షన్‌లో కాజీపేట వైపు నుంచి వచ్చిన బండి ఖమ్మం మీదుగా విజయవాడ పోవాలా, కారేపల్లి మీదుగా కొత్తగూడెం పోవాలా అన్నది పాయింట్లు దాటాక తేలే విషయం కాదు. బండి రాకముందే పాయింట్లు ఒకవైపుకు పడి ఉండాలి. ఇక్కడా అంతే. ‘--వాచ్’ అనే ఆప్షన్‌ను స్క్రిప్టు పేరు తర్వాత రాస్తే ఎర్రర్ రాదు, ప్రోగ్రాము మామూలుగా నడుస్తుంది, కానీ ఫైలు మార్చినప్పుడు మళ్లీ మొదలవదు. ఆప్షన్ పనిచేయడం లేదని కొత్తవాళ్లు అనుకునే సందర్భాల్లో మొదట చూడాల్సింది ఈ వరుస క్రమమే. రెండువైపులా ఏం చేరిందో ప్రోగ్రాము లోపలి నుంచే చూడవచ్చు: నోడ్‌కు అందినవి ‘ప్రాసెస్.ఎగ్జెక్‌ఆర్గ్‌వీ’లో, మీ స్క్రిప్టుకు అందినవి ‘ప్రాసెస్.ఆర్గ్‌వీ’లో ఉంటాయి. రెండిటినీ ఒకసారి ప్రింట్ చేసి చూస్తే ఇక మరిచిపోరు.

ఫైలు కూడా తెరవకుండా ప్రయోగాలు చేయడానికి ‘-పి’ అనే ఆప్షన్ ఉంది. దాని పక్కన కోట్స్‌లో ఒక వరుస రాస్తే నోడ్ దాన్ని లెక్కకట్టి జవాబు చూపిస్తుంది. డోర్నకల్ అనే పేరును తెలుగులో రాసి, దాని పొడవు ఎంతని అడిగి చూడండి. 8 అని వస్తుంది. డ, దాని ఓత్వం, ర, పొల్లు, న, క, ల, మళ్లీ పొల్లు: ఒక్కొక్కటీ విడిగా లెక్కకు వస్తుంది. చదివేవాళ్లకు కనబడేవి నాలుగే: డో, ర్న, క, ల్. జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ‘ఇంటల్ సెగ్మెంటర్’ అనే సాధనంతో లెక్కపెట్టమంటే నాలుగని చెబుతుంది. మహబూబాబాద్‌కు ఇదే పరీక్ష పెడితే 10, 6 వస్తాయి. ఒక గ్రామ పంచాయతీ కోసమో, స్వయం సహాయక సంఘం కోసమో ఫారం తయారుచేసి, పేరు 20 అక్షరాలకు మించకూడదని నిబంధన పెట్టారనుకుందాం. పొడవును మామూలుగా కొలిస్తే, కంటికి 20 అక్షరాల లోపే కనబడే తెలుగు పేర్లు కూడా కొన్ని ఆగిపోతాయి. ఆ తప్పు ఫారం వాడకంలోకి వచ్చాక, ఎవరి దరఖాస్తో తిరిగొచ్చాక తెలియడం కంటే, టెర్మినల్‌లో ఒక్క వరుసతో ముందే తెలియడం ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు. తెలుగు గురించి కంప్యూటర్ ఏమనుకుంటోందో అడిగి తెలుసుకోవడానికి ‘-పి’ని మించిన దగ్గరి దారి నాకు తెలియదు. ఒక లక్షను తెలుగు పద్ధతిలో రాయమంటే కామాలు మనం పెట్టినట్టే పెడుతుందా, ఇంగ్లీషు నెల పేరుకు బదులు తెలుగు పేరు వస్తుందా, ఇవన్నీ ఒక్కో వరుస ప్రశ్నలు.

మెమరీ సంగతి ఇంకొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే పాత లాప్‌టాప్‌లతో నేర్చుకునేవారిని ఎక్కువగా ఏడిపించేది ఇదే. మెషీన్‌లో ఎంత మెమరీ ఉందో చూసి, జావాస్క్రిప్ట్ విలువలు ఉండే హీప్ అనే మెమరీకి ఇంతకు మించి వాడకూడదని ఒక హద్దు నోడ్ తనే పెట్టుకుంటుంది. ఆ హద్దు దాటితే హీప్ మెమరీ అయిపోయిందన్న సందేశంతో ప్రోగ్రాము పడిపోతుంది. ఖమ్మం మిర్చి యార్డులో ఒక ఆడ్తి దుకాణం కొన్నేళ్ల తక్‌పట్టీల లెక్కలు ఒకే పెద్ద ఫైలులో పెట్టుకుందని ఊహించుకోండి. రకాల వారీగా సగటు ధర తీసే ప్రోగ్రాము రాసినవారు ఫైలు మొత్తాన్ని ఒకేసారి లోపలికి లాగి, ప్రతి వరుసనూ ఒక ఆబ్జెక్టుగా చేసి అరేలో పోశారు. నిరుటి లెక్కలతో నడిచింది, అయిదేళ్ల లెక్కలతో పడిపోయింది. వెతికితే మొదట దొరికే సలహా ‘--మ్యాక్స్-ఓల్డ్-స్పేస్-సైజ్’ అనే ఆప్షన్‌తో హద్దు పెంచమని. పెంచితే ఆ రోజుకు గండం గడుస్తుంది. వచ్చే ఏడాది మళ్లీ అదే. లాప్‌టాప్‌లో 4 జీబీ మాత్రమే ఉంటే పెంచడానికి చోటే ఉండదు.

ఈ ఆప్షన్‌ను నేను వ్యతిరేక దిశలో వాడమంటాను. హద్దు పెంచకండి, కావాలని తగ్గించండి. దాని విలువ ఎంబీల్లో చెప్పాలి. 100 అని పెట్టి, అదే పెద్ద ఫైలు మీద ప్రోగ్రామును నడపండి. పడిపోతుంది. ఇప్పుడు ఫైలును వరుస తర్వాత వరుసగా చదివి, రకానికి ఒక మొత్తం, ఒక సంఖ్య మాత్రమే దగ్గర పెట్టుకుని, వరుసను వదిలేసేలా మార్చి మళ్లీ నడపండి. 100 ఎంబీల హద్దులోనే పని పూర్తయితే, ఫైలు ఎంత పెరిగినా మీ ప్రోగ్రాముకు భయం లేదు, ఎందుకంటే అది దాచుకునేది రకాల సంఖ్యను బట్టి పెరుగుతుంది గానీ వరుసల సంఖ్యను బట్టి కాదు. 32 జీబీల మెషీన్ మీద నేర్చుకునేవారికి ఈ తేడా ఏళ్ల తరబడి కనబడకపోవచ్చు. తక్కువ మెమరీ ఉన్నవారు దాన్ని పరీక్షగా మార్చుకోవచ్చు. హద్దు దగ్గరపడినప్పుడు మెమరీలో ఏముందో ఫైలుగా రాసిపెట్టే ‘--హీప్‌స్నాప్‌షాట్-నియర్-హీప్-లిమిట్’ కూడా ఉంది. ఆ ఫైలును క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో తెరిస్తే చోటు ఎవరు ఆక్రమించారో పేర్లతో సహా కనబడుతుంది.

డిఫాల్ట్‌లు ఎప్పటికీ అలాగే ఉండవన్నదానికి మంచి సాక్ష్యం 2020 అక్టోబరులో వచ్చిన నోడ్ 15. ప్రామిస్ (తర్వాత రాబోయే ఫలితానికి జావాస్క్రిప్ట్ ఇచ్చే మాట) విఫలమై, దాన్ని పట్టుకునే కోడ్ ఏదీ లేకపోతే ఏం చేయాలి? అంతకుముందు నోడ్ ఒక హెచ్చరిక చూపించి ముందుకు పోయేది, చివర్లో విజయవంతంగా ముగిసిందన్న సంకేతమే ఇచ్చేది. అంటే రాత్రి పూట తనంతట తను నడిచే స్క్రిప్టు సర్వరుకు లెక్కలు పంపలేకపోయినా, తెల్లారి చూసేవారికి అంతా సవ్యంగా జరిగినట్టే ఉంటుంది. నోడ్ 15 నుంచి అలాంటప్పుడు ప్రోగ్రాము ఎర్రర్‌తో ఆగిపోతుంది. రెండు పద్ధతుల మధ్య ఎంచుకునే ఆప్షన్ ‘--అన్‌హ్యాండిల్డ్-రిజెక్షన్స్’ దానికి ముందు 12వ వెర్షన్ నుంచే ఉంది. అది తెలిసినవారు మార్పు రాకముందే కఠినమైన పద్ధతిని ఎంచుకుని, తమ తప్పులు సర్దుకోగలిగేవారు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఇంటర్నెట్ నుంచి సమాచారం తెచ్చే ఫెచ్ 17.5లో ప్రయోగాత్మక ఆప్షన్‌గా వచ్చి, 2022 ఏప్రిల్ నాటి నోడ్ 18లో డిఫాల్ట్ అయింది. టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లను నేరుగా నడపడం 2024లో 22.6 వెర్షన్‌లో ఆప్షన్‌గా మొదలై, 2025 జనవరిలో 23.6 నుంచి ఆప్షన్ లేకుండానే వచ్చేసింది. జాబితాలో ‘ఎక్స్‌పెరిమెంటల్’ అన్న మాటతో ఉన్నవాటిని చదవడమంటే ఈ పనిముట్టు రేపు ఏ దిక్కుకు పోబోతోందో ముందే తొంగిచూడటం. వాటిలో కొన్ని తీసేస్తారు కూడా, అందుకే వాటి మీద ఉద్యోగపు పని కట్టకూడదు, చదవడం మాత్రం మానకూడదు.

ఇక ప్యాకేజీల మాట. ఫైలు మార్చగానే ప్రోగ్రాము మళ్లీ మొదలవడానికి నోడ్‌మన్, రహస్య విలువలను విడి ఫైలు నుంచి చదవడానికి డాట్‌ఎన్వ్, పరీక్షలకు జెస్ట్: నోడ్ ప్రాజెక్టు అనగానే ఈ మూడూ దింపుకోవడం చాలా ఏళ్లుగా ఆనవాయితీ. 2022లో నోడ్ 18.1తో ‘--టెస్ట్’, అదే ఏడాది 18.11తో ‘--వాచ్’, 2023లో 20.6తో ‘--ఎన్వ్-ఫైల్’ నోడ్‌లోకే వచ్చేశాయి. అయినా పాత అలవాటు కొనసాగుతోంది, పాఠాలు పాతవి కాబట్టి. ప్రతి ప్యాకేజీ వెనక ఇంకొన్ని ప్యాకేజీలు ఉంటాయి, వాటి వెనక ఇంకొన్ని. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని దాని రచయిత నోడ్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎం నుంచి తీసేయగానే, దాని పేరు కూడా వినని ఎన్నో పెద్ద ప్రాజెక్టులు ఇన్‌స్టాల్ కాకుండా ఆగిపోయాయి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ నిర్వహణ కొత్త చేతుల్లోకి వెళ్లి, దానికి జోడించిన ఒక చిన్న ప్యాకేజీ కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ వాడేవారి సొమ్మును కాజేయడానికి రాసిందని ఆ నవంబరులో బయటపడింది. 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ వంటి అత్యంత ప్రచారంలో ఉన్న ప్యాకేజీల నిర్వాహకుడిని నకిలీ ఈమెయిల్‌తో మోసగించి, వాటిలో హానికరమైన కోడ్ చొప్పించారు. బయటి నుంచి తెచ్చుకున్న ప్రతిదానికీ ఒక తలుపు తీసి ఉంచాల్సి వస్తుంది. లోపలే ఉన్న ఆప్షన్‌కు ఆ తలుపు అక్కర్లేదు.

దీనికి వచ్చే అభ్యంతరం గట్టిదే: ఆ ప్యాకేజీలు నోడ్ ఆప్షన్ల కంటే ఎక్కువ పనులు చేస్తాయి కదా? చేస్తాయి. ఏ ఫైళ్లు చూడాలి, ఏవి వదిలేయాలి, ఎంతసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి అన్న పట్టు నోడ్‌మన్‌లో ఎక్కువ. జెస్ట్ చుట్టూ ఉన్న సాధనాలు, అలవాట్లు ఒక పెద్ద జట్టుకు విలువైనవి. వాటిని వాడొద్దని నేను అనడం లేదు. మొదట ఆప్షన్‌తో నడిపి, అది ఎక్కడ చాలడం లేదో ఒక వాక్యంలో చెప్పగలిగినప్పుడు ప్యాకేజీ తెచ్చుకోండి అంటున్నాను. ఆ వాక్యం రాకపోతే మీకు ప్యాకేజీ అవసరం ఇంకా రాలేదని అర్థం.

అన్ని డిఫాల్ట్‌లలోకీ నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది అనుమతులది. మామూలుగా నోడ్ మీద నడిచే ఏ స్క్రిప్టయినా మీరు చదవగలిగే ఫైళ్లన్నీ చదవగలదు, మార్చగలిగేవన్నీ మార్చగలదు. ఫొటోలు, ధ్రువపత్రాల స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నీ. నోడ్‌ను 2009లో తయారుచేసిన రయన్ డాల్ 2018లో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్‌లో మాట్లాడుతూ నోడ్ విషయంలో తను విచారించే సంగతులు చెప్పి, అదే వేదిక మీద డెనో అనే కొత్త రన్‌టైమ్‌ను చూపించాడు. భద్రత గురించి సరిగ్గా ఆలోచించకపోవడం వాటిలో ఒకటి. 2020 మే నెలలో 1.0 వెర్షన్‌గా వచ్చిన డెనోలో లెక్క తిరగబడింది: ‘--అలౌ-రీడ్’ అని చెబితేనే ఫైలు చదువుతుంది, ‘--అలౌ-నెట్’ అంటేనే నెట్‌వర్క్ ముడుతుంది, అదీ ఏ ఫోల్డరు, ఏ సైటు అన్నది మనమే చెప్పవచ్చు. 2023 ఏప్రిల్‌లో నోడ్ 20 కూడా ప్రయోగాత్మకంగా అనుమతుల పద్ధతి తెచ్చింది. ఇప్పటి వెర్షన్లలో దాన్ని ‘--పర్మిషన్’ అని రాస్తారు, ఏది చదవవచ్చో ‘--అలౌ-ఎఫ్‌ఎస్-రీడ్’తో విడిగా చెబుతారు. అయితే ఇది నమ్మిన కోడ్ పొరపాటున హద్దు దాటకుండా ఆపడానికే గానీ, దురుద్దేశంతో రాసిన కోడ్ నుంచి పూర్తి రక్షణ అనుకోవద్దని నోడ్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను గౌరవించాలి. అంతమాత్రాన ఆప్షన్ వృథా అయిపోదు. మీ స్క్రిప్టును ఏ అనుమతీ లేకుండా నడిపి, అది ఎక్కడ ఆగిందో చూసి, అడిగినవి ఒక్కొక్కటే ఇస్తూ పోతే, చివరికి మీ ప్రోగ్రాము నిజంగా ఏమేం ముట్టుకుంటోందో ఖచ్చితమైన చిత్రం మీ చేతిలో ఉంటుంది. చాలామంది తమ సొంత కోడ్ గురించి ఆ చిత్రం ఎప్పుడూ చూసి ఉండరు.

తెలుగు మీడియంలో చదివినవారికి ఇంగ్లీషులో ఉన్న ఆ జాబితా ఎలా కొరుకుడు పడుతుందని అడుగుతారు. ఇది కొట్టిపారేయదగిన ఇబ్బంది కాదు. కానీ హెల్ప్‌లో ఒక్కో ఆప్షన్‌కు ఉండే వివరణ ఒక వాక్యం, అందులో సగం మాటలు మళ్లీ మళ్లీ వచ్చేవే. నవల చదవడానికి కావలసిన ఇంగ్లీషుకూ దీనికీ పోలిక లేదు. రోజుకు రెండు ఆప్షన్లు తీసుకుని, వివరణ చదివి, అర్థమైనంత తెలుగులో ఒక నోటుబుక్కులో రాసుకుని, వెంటనే నడిపి చూస్తే, ఆ వాక్యం చెప్పిందేమిటో తెరే తేల్చి చెబుతుంది. అర్థం చేసుకున్నది సరైనదో కాదో అప్పటికప్పుడు తేలే చదువు వేరే ఎక్కడ దొరుకుతుంది? ఇంటర్వ్యూల్లో ఇవి అడగరన్నది ఇంకో మాట. జాబితా బట్టీపట్టి అప్పజెప్పమని ఎవరూ అడగరు, నిజమే. సర్వరు మెమరీ పెరుగుతూ పోతోంది, ఏం చేస్తావు అని మాత్రం అడుగుతారు. దానికి పుస్తకంలో రాసిన జవాబు చెప్పేవారికీ, హద్దు తగ్గించి, స్నాప్‌షాట్ తీసి చూసినవారికీ తేడా రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

ఏఐని అడిగితే ఆప్షన్ ఏదో చెప్పేస్తుంది కదా అన్నది ఇప్పటి అభ్యంతరం. అడగండి, తప్పులేదు. కానీ అడగాలంటే అలాంటిది ఒకటి ఉండవచ్చన్న అనుమానం ముందు మనకు రావాలి. తెలుగు తేదీ ఇంగ్లీషులో వచ్చినప్పుడు ‘ఇది ఎవరో పెట్టిన డిఫాల్ట్ కావచ్చు’ అని తోచనివారు, తేదీలను మార్చే కోడ్ రాసిపెట్టమనే అడుగుతారు, అది అడిగింది రాసిపెడుతుంది. పైగా ఆప్షన్లు వెర్షన్‌ను బట్టి మారతాయి. ఎవరు ఏ ఆప్షన్ చెప్పినా, ముందు మీ నోడ్ వెర్షన్ ఎంతో చూసి, మీ మెషీన్‌లోని హెల్ప్‌లో ఆ పేరు ఉందో లేదో వెతికి, ఆ తర్వాతే వాడటం అలవాటు చేసుకోవాలి.

వాడకూడని చోట వాడితే ప్రమాదం తెచ్చే ఆప్షన్లు కూడా ఉన్నాయి. ‘--ఇన్‌స్పెక్ట్’ ప్రోగ్రాము నడుస్తుండగా లోపలికి చూడనిస్తుంది. మామూలుగా అది మీ మెషీన్‌కే పరిమితమై 9229 పోర్టులో వింటుంది. దూరంలోని సర్వరును డీబగ్ చేద్దామని దానికి 0.0.0.0 అనే అడ్రసు జోడిస్తే, ఆ పోర్టును చేరుకోగలిగిన ఎవరైనా మీ ప్రోగ్రాములో తమకు నచ్చిన కోడ్ నడపవచ్చు. సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చిందని తనిఖీనే ఆపేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టడం కూడా ఇలాంటిదే. ఆ ఎర్రర్ పోతుంది, అవతల మాట్లాడుతున్నది అసలు సర్వరేనన్న భరోసా కూడా దాంతోపాటే పోతుంది. డిఫాల్ట్‌ను మార్చే హక్కు ఉందంటే, అది ఎందుకు అలా పెట్టారో ముందు కనుక్కునే బాధ్యత కూడా ఉన్నట్టే. కారణం తెలియకుండా మార్చడం కంటే డిఫాల్ట్‌తో ఉండిపోవడమే నయం.

మార్చినదాన్ని టెర్మినల్ చరిత్రలో వదిలేయకండి. ప్రతి ప్రాజెక్టులో ప్యాకేజ్ జేసన్ అనే ఫైలు ఉంటుంది, అందులో స్క్రిప్ట్స్ అనే భాగం ఉంటుంది. మీరు ఎంచుకున్న ఆప్షన్లతో కూడిన పూర్తి కమాండ్‌ను అక్కడ ఒక పేరుతో రాసిపెట్టండి, ఏ నోడ్ వెర్షన్ మీద పరీక్షించారో అదే ఫైలులోని ఇంజన్స్ భాగంలో చెప్పండి. ఆ ఫైలులో వ్యాఖ్యలు రాయడం కుదరదు కాబట్టి, పక్కనున్న రీడ్‌మీలో ఒక్కో ఆప్షన్‌కు ఒక్కో వాక్యం తెలుగులోనే రాయండి: మెమరీ హద్దు 100 ఎంబీలు ఎందుకు పెట్టాం, ఏ ఫోల్డరు చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చాం, ఏ వెర్షన్ వచ్చాక ఈ ఆప్షన్ తీసేయవచ్చు. ఆరు నెలల తర్వాత ఆ ప్రాజెక్టు తెరిచేది మీరైనా, మీ చోట కొత్తగా చేరినవారైనా, ముందు చదవాల్సింది ఆ నాలుగు వాక్యాలే.